ఎవరి పేరున వేయించావు?

17 ఆగస్టు 2023, గురువారం

వీసా వచ్చింది. శాశ్వతం. మధ్యాహ్నం రెండూ ఇరవైకి తాహిరా ఫోన్‌లో కనబడింది. ముగ్గురి పేర్లూ రెండుసార్లు చదివించాను. అక్షరాలు సరిగ్గానే ఉన్నాయి.

పడవలో ఈ దేశం వచ్చి పదకొండేళ్ళు. మొదట దీవిలో క్యాంపు, తర్వాత ఆరేసి నెలల కాగితాలు, తర్వాత అయిదేళ్ళ వీసా, అది తీరాక మళ్ళీ అర్జీ. ఇక అర్జీలు లేవు.

తాహిరా నాన్న పని నుంచి వచ్చి, మోకాళ్ళకు కట్టుకునే మెత్తలు విప్పకుండానే వంటింటి నేల మీద కూర్చుని ఏడ్చారు. నేను ఏడవలేదు. గురువారం కదా, పోయినవాళ్ళ పేరున వేయించి పంచడానికి పిండి కలిపి ఉంచాను, నూనె కాగుతోంది. బోసరక్ నలభై ఆరు వచ్చాయి. ఒకటి మాడింది.

వాసన పసిగట్టి వెనకింటి మర్జియా వదిన వచ్చింది. ఆమె భర్త రహ్మత్, ఈయన ఒకే మేస్త్రీ కింద టైల్స్ వేస్తారు. వాళ్ళ అర్జీని రెండుసార్లు కొట్టేశారు. ఇప్పటికీ ఆరేసి నెలల కాగితాలే.

"కుర్చీ తుడవండమ్మా, పర్మినెంటు వాళ్ళింటికి వచ్చాను. ఏం వదినా, ఇకనైనా మొగుణ్ణి పేరు పెట్టి పిలుస్తావా, ఇంకా తాహిరా నాన్నా, తాహిరా నాన్నా అనేనా?"

"నీ నోటికి బోసరక్ అడ్డం పెట్టుకో" అన్నాను.

పెట్టుకుంది. నములుతూనే అడిగింది. "నూనె వాసన పోయినవాళ్ళకి, బోసరక్ ఉన్నవాళ్ళకి. ఇంతకీ ఈ వారం ఎవరి పేరున వేయించావు?"

"అందరి పేరునా."

"ఎప్పుడడిగినా అందరూ అంటావు. మీవాళ్ళకి పేర్లుండవా? మా అత్తనైతే పేరు పెట్టి తలుచుకోకపోతే కల్లోకొచ్చి తిడుతుంది."

ఈయన లేచి స్నానానికి వెళ్ళిపోయారు.

వీసా వస్తే ఈయన మనసు మెల్లగా కుదుటపడుతుందని డాక్టరు ఎప్పుడో చెప్పాడు. ఎన్ని రోజుల్లో అని అడిగితే, అలాంటివాటికి లెక్క ఉండదన్నాడు. లెక్క ఉండనిది ఏముంటుంది. రేపటి నుంచి ఈ పుస్తకంలో ఆయన తిండి, నిద్ర, పని రాస్తాను.

22 ఆగస్టు

రెండు రొట్టెలు, పెరుగు, టీ మూడు కప్పులు. పనికి వెళ్ళారు. ఈల వేశారు. పెళ్ళయి ఇన్నేళ్ళయినా ఆయనకు ఈల వచ్చని నాకు తెలియదు.

2 సెప్టెంబరు

బాగున్నారు. అద్దె ఇంట్లో పొయ్యి వెనక గోడకు నీలం టైల్స్ వేస్తానని కొలతలు తీసుకున్నారు. పదకొండేళ్ళలో ఏ ఇంటి గోడకూ ఆయన మేకు కూడా కొట్టలేదు.

12 సెప్టెంబరు

పొద్దున పదింటికే రహ్మత్ ఆయన్ని కారులో దింపి వెళ్ళాడు. సందుల్లో పూసే సిమెంటు కలిపి, బకెట్ ముందే కూర్చుండిపోయారట. అది బకెట్‌లోనే బండయిపోయింది. "ఏమైంది?" అంటే "ఏమీ కాలేదు. అదే" అన్నారు.

ఉత్తరాల డబ్బా దగ్గరికి నాలుగుసార్లు వెళ్ళొచ్చారు.

"అవన్నీ ఇప్పుడు ఫోన్‌కే వస్తాయి నాన్నా. ఆ డబ్బాలో పిజ్జా కాగితాలు తప్ప ఇంకేం ఉండవు" అంది తాహిరా.

"అప్పుడు డబ్బాలోకే వచ్చింది."

అప్పుడంటే 2015లో. మేం చెప్పినదాంట్లో కొన్ని సరిపోలడం లేదు, వివరణ ఇవ్వండి అని. ఊరి పేరు రాయడంలో తేడా, అంతే. వారంలో తేలిపోయింది. కానీ ఆ వారం ఆయన అయిదు కిలోలు తగ్గారు.

13 సెప్టెంబరు. డబ్బా 5.

14 సెప్టెంబరు, గురువారం. డబ్బా 6. బోసరక్ నలభై.

15 సెప్టెంబరు. డబ్బా 6. ఒక రొట్టె.

18 సెప్టెంబరు. ఆదివారాలు ఉత్తరాలు రావని చెప్పినా నిన్న 3.

3 అక్టోబరు

తాహిరా కాలేజీకి వెళ్ళాక తలుపు దగ్గరికి వేసి ఆయన అన్నారు.

"ఇన్నాళ్ళూ వెనక్కి పంపిస్తే పంపించనీ అనుకునేవాణ్ణి. పోగొట్టుకోడానికి ఏముంది నా దగ్గర. ఇప్పుడు ఉంది."

"ఇచ్చింది ఎందుకు తీసుకుంటారు?"

"ఏడాది తిరిగితే పిల్ల పౌరసత్వానికి పెట్టుకుంటుంది. కొత్త ఫారం. తండ్రి ఎవరని మళ్ళీ అడుగుతారు. మళ్ళీ మొదటి నుంచి చూస్తారు."

ఆ సంగతి ఈ పుస్తకంలో రాయకూడదని నియమం పెట్టుకున్నాను. ఈ ఒక్కసారి రాసి పేజీ చింపేస్తాను.

తాహిరా మాకు పుట్టలేదు. ఆయన తమ్ముడు జుమా కూతురు. తల్లి కాన్పులోనే పోయింది. పిల్లకు నలభై రోజులున్నప్పుడు, ఖరాబాగ్ దారిలో తుపాకులవాళ్ళు బస్సు ఆపి జుమాను దించారు. బస్సు వచ్చింది, అతను రాలేదు. పిల్లను ఒళ్ళో వేసుకుని మేం క్వెట్టా వెళ్ళిపోయాం. నాకు వేరే పిల్లలు లేరు. మా వాళ్ళలో తమ్ముడు పోతే తమ్ముడి బిడ్డ అన్న బిడ్డే, దానికి ఎవరూ కాగితం రాయరు. ఆ రోజు నుంచి వీధంతా నన్ను తాహిరా అమ్మ అంది, ఆయన్ని తాహిరా నాన్న అంది.

పడవలో ఒకావిడ చెప్పింది, సొంత బిడ్డ కాకపోతే విడదీసి పిల్లల హాస్టల్‌కి పంపుతారని. దీవిలో బల్ల ముందు కూర్చోబెట్టి, ఈ అమ్మాయి ఎవరని అడిగారు. తాహిరా నాన్న "మా కూతురు" అన్నారు. దుబాసీ రాయించాడు.

అబద్ధం కాదు. ఎవరినడిగినా అదే చెబుతారు.

తాహిరాకు తెలియదు.

4 అక్టోబరు

పేజీ చింపలేదు. చింపితే కుట్టు వదులై అవతలి పేజీ కూడా ఊడుతుంది.

డబ్బా 7.

9 నవంబరు, గురువారం

పనికి వెళ్ళడం లేదు. ఇరవై ఒక్క రోజులు. మాత్రలు పొద్దున ఒకటి, పడుకునేముందు ఒకటి. మింగుతున్నారో లేదో నాలుక కింద చూస్తున్నాను.

మర్జియా వదినతో గొడవ. బోసరక్ గిన్నె అందుకుంటూ అంది. "మాకు వీసా లేదు, మా ఆయన పనికి పోతున్నాడు. మీకుంది, ఇవజ్ అన్నయ్య డబ్బాకి కాపలా కాస్తున్నాడు. ఆ వీసా ఏదో మాకిచ్చేయండి, డబ్బా కూడా మేమే చూసుకుంటాం."

"నీకు నవ్వులాటగా ఉందా?"

"నవ్వులాటే. ఏడిస్తే నీకు నచ్చుతుందా?"

గిన్నె ఆమె చేతిలోంచి తీసేసుకున్నాను. అలా చేసి ఉండకూడదు. పోయినవాళ్ళ పేరున వేయించింది చేతిలోంచి లాక్కోకూడదు. లాక్కున్నాను.

30 నవంబరు, గురువారం

మూడు వారాలయింది. కంచె మీదుగా గిన్నె నేనే అందించాను. మర్జియా వదిన తీసుకుని అక్కడే నిలబడింది.

"రహ్మత్ రాత్రులు గరాజ్‌లో కూర్చుంటున్నాడు వదినా. నేనూ, ఆయనా వంతులు వేసుకున్నాం. ఒక వారం నేను పడిపోతాను, ఆయన నిలబడతాడు. మరుసటి వారం ఆయన. ఇద్దరం ఒకేసారి పడితే పిల్లలకి వండేదెవరు? నువ్వు గిన్నె లాక్కున్న వారం, నేను నిలబడే వారం. అందుకే నవ్వాను."

మా ఇంట్లో వంతులు లేవు. ఆయన ఒక్కరే. నేను బాగానే ఉన్నాను.

డబ్బా 8.

8 ఫిబ్రవరి 2024, గురువారం

డాక్టరు రాసిచ్చిన చోటికి వెళ్ళాం. కౌన్సెలర్ పేరు నర్గిస్. మన భాషే, హెరాత్ వైపు యాస. ముప్ఫయ్యేళ్ళుండవు. ముందు ఆయనతో మాట్లాడి, తర్వాత నన్ను పిలిచింది.

పుస్తకం చూపించలేదు. అయిదు నెలల డబ్బా లెక్క తెల్లకాగితం మీద ఎత్తి రాసి తీసుకెళ్ళాను, గీతలు కొట్టి, తేదీలు, గంటలు వేసి. ఇంత వివరంగా ఎవరూ తెచ్చి ఉండరనుకున్నాను.

ఆమె చాలాసేపు చూసింది.

"చాలా శుభ్రంగా రాశారక్కా. తొమ్మిదీ పది, పదీ ఇరవై అయిదు, పదకొండూ నలభై, ఒంటిగంటా అయిదు… ఈ గంటలు ఎవరు వేశారు?"

"నేనే."

"ఆ గంటల్లో మీరెక్కడున్నారు?"

"కిటికీ దగ్గర. వంటింటి కిటికీలోంచి డబ్బా కనబడుతుంది."

"పొద్దున తొమ్మిది నుంచి నాలుగు దాకా?"

"వంట అక్కడేగా చేసేది."

"ఆయన ఏడుసార్లు డబ్బా చూశారు." కాగితం నా వైపు తిప్పింది. "మీరు రోజంతా చూశారు."

చిన్నపిల్ల. ఇల్లు నడిపిందా, మనిషిని పోషించిందా. కుర్చీలో కూర్చుని అడగడానికేం. బస్సులో దారి పొడుగునా కోపంగానే ఉన్నాను. ఆయన్ని గురించి చెప్పమంటే చెప్పాను, నన్ను గురించి ఎవరు అడిగారు.

ఇంటికొచ్చి బోసరక్ వేయించాను. ముప్ఫయ్ ఎనిమిది. అందరి పేరునా.

9 ఫిబ్రవరి

వంటింటి కిటికీకి తెర వేశాను. ఇక చూడను.

తెర సందులోంచి, 5.

15 ఫిబ్రవరి

మొన్న రెండోసారి వెళ్ళినప్పుడు, మీకు అన్నదమ్ములున్నారా అని నర్గిస్ ఆయన్ని అడిగిందట. లేరన్నారట. ఇవాళ గోధుమపిండి జల్లిస్తుంటే పక్కకొచ్చి నిలబడ్డారు.

"మా ఊళ్ళో ఒకణ్ణి బస్సు దింపి చంపారు. అని రాయించాను."

"ఎక్కడ?"

"మొదటి వాంగ్మూలంలో. తమ్ముడు అంటే, అతని భార్యాపిల్లలేమయ్యారని అడుగుతారు కదా. అందుకని ఊళ్ళో ఒకణ్ణి అన్నాను. పేరడిగారు. గుర్తులేదన్నాను." జల్లెడ అంచు పట్టుకున్నారు. "జుమా పేరు గుర్తులేదన్నాను బఖ్తావర్."

పిండి అంతా జల్లించాను. జల్లించింది మళ్ళీ జల్లించాను.

20 మార్చి, నౌరూజ్

కొత్త ఏడాది హఫ్త్ మేవాలో ఆరే వేశాను. ఏడు రకాల ఎండుపళ్ళు నానబెట్టాల్సినచోట బాదం మరిచిపోయాను. తాహిరా కప్పులో వేలు పెట్టి లెక్కపెట్టింది. "అమ్మా, ఒకటి తగ్గింది. నువ్వా మరిచిపోయింది?" పెళ్ళయిన ఇరవై ఆరేళ్ళలో మొదటిసారి.

బాదం డబ్బా ముందే ఉంది. మూత తీసే ఉంది.

21 మార్చి

నేను బాగానే ఉన్నాను.

11 ఏప్రిల్. డబ్బా 6. నేను కిటికీ దగ్గర: కొలవలేదు.

2 మే, గురువారం. బోసరక్. అందరి పేరునా.

19 జూన్

ఆయన ఇవాళ డబ్బా దగ్గరికి వెళ్ళలేదు. సంతోషించాను. పదింటికి స్నానాలగదిలోంచి టక్ టక్ అని చప్పుడు. వెళ్ళి చూస్తే, తాపీ పిడితో ఒక్కో టైల్ మీదా కొట్టి చెవి ఆనించి వింటున్నారు.

"ఏం చేస్తున్నారు?"

"డొల్లగా ఉన్నవి చూస్తున్నా. కింద పట్టు లేకపోతే మోగుతుంది. పైకి తెలీదు."

"ఇది మన ఇల్లు కాదు. ఎవరో వేసినవి."

"అందుకే వింటున్నా."

మధ్యాహ్నానికి గోడలు మూడూ అయ్యాయి. పెన్సిల్‌తో పదకొండు టైల్స్ మీద గుర్తులు పెట్టారు. నేను కూడా ఒకదాని మీద వేలితో కొట్టి విన్నాను. ఆయన గుర్తు పెట్టనిదాని మీద. నాకు అది కూడా మోగినట్టే అనిపించింది.

17 ఆగస్టు

వీసా వచ్చి ఏడాది. తాహిరా కంప్యూటరు తెచ్చి భోజనాలబల్ల మీద పెట్టింది. నర్సు చదువులో ఆఖరి ఏడాది, పౌరసత్వం ఉంటే పెద్దాసుపత్రిలో ఉద్యోగం తేలికట.

"నాన్నా, నీ అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళ పేర్లు కావాలేమో. రెడీగా పెట్టు. నా పుట్టిన కాగితం ఏదైనా ఉందా? నేను పుట్టినప్పుడు మంచు పడిందా అమ్మా? మా ఫ్రెండ్‌కి వాళ్ళమ్మ అన్నీ చెబుతుంది, నువ్వు ఒక్కటీ చెప్పవు."

ఆయన లేచి పెరట్లోకి వెళ్ళారు. కంచె వైపు తిరిగి నిలబడ్డారు. చాలాసేపు.

"ఇప్పుడు తొందరేముంది" అన్నాను.

"తొందర లేదా? పన్నెండేళ్ళు తొందరపడుతూనే ఉన్నాం కదమ్మా."

21 ఆగస్టు

ఇంట్లో ఎవరూ లేరు. ఆయన రహ్మత్‌తో సైటు చూడ్డానికి వెళ్ళారు. చూడ్డానికి మాత్రమే. ఇప్పుడు రాస్తాను.

అక్టోబరు మూడున తప్పు రాశాను.

దీవిలో బల్ల ముందు అడిగింది ఆయన్ని కాదు. ఆడవాళ్ళని ముందు పిలిచారు. తాహిరా నా చెయ్యి పట్టుకుని ఉంది, ఎనిమిదేళ్ళు, చెప్పుల్లేవు. దుబాసీ నన్నే అడిగాడు. నేనే చెప్పాను. "నేను తాహిరా అమ్మని. బయట ఉన్నాయన తాహిరా నాన్న." ఎవరు అడిగినా అదే చెప్పేదాన్ని. అలవాటు. కానీ అలవాటుగా మాత్రమే చెప్పలేదు, పడవలో ఆవిడ మాట చెవుల్లో ఉంది. ఆయన్ని లోపలికి పిలిచేసరికి నా మాట కాగితం మీద ఉంది. నా మాటకు సరిపోవడానికే ఆయన తమ్ముడి పేరు మరిచిపోవలసి వచ్చింది.

నీ వల్లే అని ఒక్కసారి కూడా ఆయన నన్ను అనలేదు. ఒక్కసారి అని ఉంటే బాగుండేది.

ఏడాదిగా ఆయన తిండీ నిద్రా రాస్తున్నాను. ఆయన ఎప్పుడు అంటారో అని కూడా చూస్తున్నానేమో.

24 ఆగస్టు

ఆయనతో చెప్పాను, పిల్లకు చెబుదామని. వద్దనలేదు. "నువ్వే చెప్పు" అన్నారు. "నా నోటితో చెబితే నేను దాని నాన్నని కానని చెప్పినట్టుంటుంది."

1 సెప్టెంబరు

చెప్పాను. తాహిరా బోర్లించిన టీ కప్పును తిప్పుతూ విన్నది. మధ్యలో ఆపలేదు. అంతా అయ్యాక అడిగింది.

"మంచు పడిందా?"

"పడింది. మోకాళ్ళ లోతు."

"ఆయన పేరు ఇంకోసారి చెప్పు."

"జుమా."

"ఇన్ని గురువారాలు నాతోనే పిండి కలిపించావు." గొంతు పెద్దది చెయ్యలేదు. "నన్ను మీరు కనలేదని కోపం కాదమ్మా. నన్ను కన్న నాన్న పేరు దాచి, అందరి పేరునా అన్నావు. ఎవరి పేరున కలుపుతున్నానో నాకు తెలిస్తే, ఇంకొంచెం బాగా కలిపేదాన్ని."

సంచీలో బట్టలు సర్దుకుని మర్జియా వదిన ఇంటికి వెళ్ళిపోయింది. కంచె అవతలే. అయినా వెళ్ళిపోయింది.

2 సెప్టెంబరు. డబ్బా 0. ఆయన మంచం దిగలేదు.

3 సెప్టెంబరు. నేను కిటికీ దగ్గర. కంచె వైపు కిటికీ.

4 సెప్టెంబరు

మర్జియా వదిన కంచె మీదుగా చెప్పింది. "ఏం జరిగిందో మీ పిల్ల ఒక్క ముక్క చెప్పలేదు. నేనూ అడగలేదు. పెరుగంతా తినేసింది. రెండు డబ్బాలు నాకు బాకీ."

5 సెప్టెంబరు, గురువారం

నాలుగింటికి పిండి తీశాను. నూనె పెట్టాలా వద్దా అని నిలబడ్డాను. వెనక తలుపు చప్పుడైంది. తాహిరా వచ్చి, చేతులు కడుక్కుని, గిన్నె నా ముందు నుంచి తన ముందుకు లాక్కుంది. చక్కెర వేసింది, యాలకులు వేసింది. ఎప్పటికన్నా ఎక్కువసేపు కలిపింది.

ఆయన గది గుమ్మంలో నిలబడ్డారు. గడ్డం మూడు రోజులది.

తాహిరా తలెత్తకుండా అడిగింది. "నాన్నా, జుమా నాన్న ఎట్లా ఉండేవాడు?"

ఆయన గోడ పట్టుకున్నారు.

"ఖుబానీ గింజలు" అన్నారు. "పళ్ళు తినేవాడు కాదు. గింజలు పగలగొట్టి లోపలి పప్పు తినేవాడు. జేబునిండా పోసుకునేవాడు. నడుస్తుంటే గలగలమనేది. అందుకే వాడితో దొంగతనానికి వెళ్ళకూడదు. తోటలో ప్రతిసారీ వాడి జేబే పట్టించేది. దెబ్బలు మాత్రం నాకు."

"నీకెందుకు?"

"పెద్దవాణ్ణి కదా. గాడిదలంటే భయం వాడికి. ఇంతెత్తు మనిషి. గాడిద ఎదురైతే నా వెనక నడిచేవాడు. ఈల బాగా వేసేవాడు. నాకు నేర్పిందీ వాడే."

తాహిరా నవ్వింది. ఆయనా నవ్వారు. ఆ తర్వాత ఆయన నేల మీద కూర్చుండిపోయి ఏడ్చారు. పోయిన ఏడాది వీసా వచ్చినప్పటి ఏడుపు కాదు. ఇంట్లో మనిషి పోయిన ఏడుపు. ఇరవై ఏళ్ళ కిందట ఏడవాల్సింది. అప్పుడు పిల్లను ఎత్తుకుని కొండ దాటుతున్నాం, ఏడవడానికి కుదరలేదు. ఇక్కడికి వచ్చాక వీలు లేదు. తాహిరా పిండి చేతులతోనే ఆయన పక్కన కూర్చుంది.

నూనె కాగింది. కిటికీ తెర పూర్తిగా తీసి, అద్దం కూడా తీశాను, వాసన బయటికి వెళ్ళేలా.

మర్జియా వదిన వచ్చింది. ముగ్గురినీ చూసింది. గిన్నెలోంచి ఒకటి తీసుకుని, ఎప్పటి ప్రశ్నే అడిగింది. ఈసారి కొంచెం నెమ్మదిగా.

"ఎవరి పేరున వేయించావు వదినా?"

"జుమా పేరున. మా మరిది. తాహిరాని కన్నతండ్రి."

ఆమె నమలడం ఆపింది. ఆ మాట బయటికి వెళితే ఏమవుతుందో ఆమెకన్నా బాగా ఎవరికి తెలుసు. అటూ ఇటూ చూసి, ఇంకో రెండు తీసుకుని కొంగులో పెట్టుకుంది.

"కొత్తాయన. నాతో పరిచయం లేదు. మొదటిసారి కదా, మూడు తినాలి."

గుమ్మం దాటాక కళ్ళు తుడుచుకోవడం కిటికీలోంచి కనబడింది.

ఎన్ని వచ్చాయో లెక్కపెట్టలేదు.

10 అక్టోబరు

లాయరు దగ్గరికి ముగ్గురం వెళ్ళాం. అంతా చెప్పాం. దీవిలో చెప్పింది నేనని నేనే చెప్పాను. ఆయన నా వైపు చూశారు. మాట్లాడబోతే, వద్దన్నట్టు తల ఊపాను.

"వాళ్ళు కనిపెట్టడం వేరు, మీరు వెళ్ళి చెప్పడం వేరు" అంది లాయరమ్మ. "మీరే చెబుతున్నారు, అది మంచిది. కానీ ఏమవుతుందో నేను మాట ఇవ్వలేను. వీసా గురించి మళ్ళీ అడగొచ్చు. ఏమీ అనకుండా సరిదిద్దొచ్చు."

"ఎన్నాళ్ళు పడుతుంది?" అని అడిగాను.

"లెక్క చెప్పలేను."

సరే అన్నాను.

సంతకాలు పెట్టాం. తండ్రి పేరు ఉన్న చోట తాహిరా జుమా అని రాసింది. పెంచినవారు అన్నచోట మా ఇద్దరి పేర్లు. వాంగ్మూలం సరిదిద్దే కాగితంలో ఊళ్ళో ఒకడు అన్న మాట కొట్టేసి, నా తమ్ముడు అని ఆయన చేత్తో రాసుకున్నారు. లాయరమ్మ టైపు చేస్తానంటే, చేతిరాతే ఉండనివ్వండి అన్నారు.

15 అక్టోబరు. డబ్బా 4. నిద్ర లేదు, ఇద్దరికీ.

16 అక్టోబరు. డబ్బా 6. ఇందులో రెండు నావి.

29 అక్టోబరు

నర్గిస్ దగ్గరికి ఈసారి నేను నా కోసం వెళ్ళాను. కాగితం తీసుకెళ్ళలేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

12 నవంబరు

ఆయన రహ్మత్‌తో వారానికి రెండు రోజులు పనికి వెళుతున్నారు. నిన్న మధ్యాహ్నమే వచ్చేశారు. ఇవాళ సాయంత్రం దాకా ఉన్నారు. మర్జియా వదిన వాళ్ళకు ఇంకో ఆరు నెలల కాగితం వచ్చింది. "ఈ వారం ఎవరి వంతు?" అని అడిగితే, "ఇద్దరిదీ. నువ్వొచ్చి వండు" అంది. వెళ్ళి వండాను. రెండు డబ్బాల పెరుగు కూడా ఇచ్చేశాను.

28 నవంబరు, గురువారం

ఇక్కడ నవంబరంటే ఎండాకాలం, బయట వేడిగాలి. నాలుగింటికి నూనె పెట్టాను. తాహిరా ఉండలు చేస్తోంది. ఆయన పని నుంచి వస్తూ డబ్బా తెరిచారు. ఒక్కసారే. లోపలికి వచ్చి, పొడుగు కవరు బల్ల మీద పెట్టారు. లాయరు ఆఫీసుది. మందంగా ఉంది. మందంగా ఉంటే మంచిదో చెడ్డదో నాకు తెలియదు.

తాహిరా పిండి చేతులు గాలిలో పట్టుకుని ఆగిపోయింది. "తెరవనా?"

ఆయన మోకాళ్ళ మెత్తలు విప్పారు. ఒకటి, తర్వాత రెండోది. గుమ్మం పక్కన సర్ది పెట్టారు. చేతులు కడుక్కున్నారు. నీళ్ళు చొక్కా మీద పడ్డాయి. వచ్చి పొయ్యి దగ్గర నిలబడ్డారు.

"నూనె పొయ్యి మీదుంది. ముందు మీ నాన్న పేరున వేసేవి కానీ" అన్నారు.

కిటికీ తీసే ఉంది. మొదటి వాయి వేశాను. కంచె అవతల నుంచి మర్జియా వదిన గొంతు వినబడింది, పేరు అడుగుతోంది. ఆయనే కిటికీలోంచి చెప్పారు.

రెండో వాయి నూనెలో ఉంది. నిలబడే రాస్తున్నాను. కవరు బల్ల మీదే ఉంది. దాని వైపు నేను అయిదుసార్లు చూశాను. ఆయన రెండుసార్లు.